మంత్రి గారూ, ముందు డంప్ పాయింట్ కట్టించండి

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ పర్యాటక శాఖ మంత్రి గారికి,

మన రాష్ట్రానికి కారవాన్ పర్యాటకం తేవాలని ప్రభుత్వం చూస్తోందన్న వార్తలు చదివాక ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను. కేరళ 2021లోనే ఈ దారి పట్టింది. మనమూ పట్టడం మంచిదే. హోటల్ లేని చోట కూడా ఒక కుటుంబం రాత్రికి ఆగి, పొద్దున్నే లేచి గండికోట లోయలో పెన్నను చూసుకోగలిగితే అంతకంటే ఏం కావాలి? అయితే ఈ వార్తల్లో ఎక్కువగా వినబడేది బండి గురించే. లోపల ఏసీ, పడకలు, వంటగది, టీవీ. బండి సంగతి తయారుచేసేవాళ్లు చూసుకుంటారు. ఆ బండి రాత్రికి ఆగే నేల సంగతి మాత్రం ప్రభుత్వం చూడాలి. అలాంటి నేలను చూసుకునే పని కొంతకాలం నేను చేశాను. ఆ అనుభవంతోనే రాస్తున్నాను.

మాది అనంతపురం. ఇప్పుడు అడిలైడ్‌లో ఉంటున్నాం. దక్షిణ ఆస్ట్రేలియా ఎడారిలో కూబర్ పీడీ అనే ఊరుంది. అక్కడి ఒక కారవాన్ పార్కు మేనేజర్లు సెలవు మీద వెళ్తే, వాళ్ల బదులు నేనూ మా ఆయనా చలికాలం మధ్య నుంచి ఎండలు ముదిరేదాకా ఆ పార్కును నడిపాం. ఆస్ట్రేలియాలో ఇలాంటి పార్కులను చాలాచోట్ల ఒక జంటే నడుపుతుంది. పార్కులోనే వాళ్లకొక ఇల్లు ఉంటుంది. వారంలో ఏడు రోజులూ, రాత్రి ఫోన్లతో సహా, బాధ్యత వాళ్లదే. వాళ్లకు సెలవు కావాలంటే ఇంకో జంట రావాలి. అలా వచ్చేవాళ్లను రిలీఫ్ మేనేజర్లు అంటారు. ఉద్యోగాల నుంచి రిటైరై, సొంత కారవాన్‌లోనే ఊరూరూ తిరుగుతూ ఇదే పని చేసుకునే జంటలు కూడా ఉన్నాయి.

కూబర్ పీడీ అడిలైడ్‌కు ఉత్తరంగా 846 కిలోమీటర్ల దూరంలో, స్టూవర్ట్ హైవే మీద ఉంటుంది. జనాభా పదిహేను వందలకు అటూఇటూ. 1915 ఫిబ్రవరి 1న, బంగారం కోసం తిరుగుతున్న ఒక చిన్న బృందంలోని విల్లీ హచిసన్ అనే 14 ఏళ్ల కుర్రాడికి ఇక్కడ నేల మీద ఒపల్ అనే రత్నపు రాళ్ల ముక్కలు కనిపించాయి. ఆ వేళ ఆ బృందం వెతుకుతున్నది రాళ్లను కాదు, నీళ్లను. ఆ తర్వాత ప్రపంచం నలుమూలల నుంచీ గని పనివాళ్లు వచ్చారు. ఎండాకాలంలో 45 డిగ్రీలు దాటే రోజులుండటంతో కొండవాలు తొలిచి ఇళ్లు చేసుకున్నారు. ఊళ్లో దాదాపు సగం మంది ఇప్పటికీ ఆ డగౌట్లలోనే ఉంటారు. లోపల ఏడాది పొడవునా 23 నుంచి 25 డిగ్రీలే. సెర్బియన్ క్రైస్తవులు 1993లో గుడి కూడా భూమి లోపలే కట్టుకున్నారు. అంతకు ఎన్నో వేల ఏళ్ల ముందు నుంచీ ఈ నేల అంటకిరింజా మటు-యాంకునిట్జట్జారా ప్రజలది. ఊరికి కాస్త దూరంలో రంగురంగుల గుట్టలుండే కంకు-బ్రేకవేస్ రక్షిత ప్రాంతాన్ని చూసుకోవడంలో ఇప్పుడు వాళ్లకూ పాలు ఉంది.

ఈ ఊరికి కారవాన్లు ఎందుకు వస్తాయి? దక్షిణాదిలో చలి మొదలవగానే రిటైరైన ఆస్ట్రేలియన్లు వేల సంఖ్యలో వెచ్చదనం కోసం ఉత్తరానికి బయల్దేరుతారు. వాళ్లను గ్రే నోమాడ్స్ అంటారు. ఏప్రిల్ నుంచి అక్టోబరు వరకు హైవే మీద వాళ్లదే రాజ్యం. దక్షిణం వైపున్న గ్లెండాంబో అనే చిన్న ఊరు దాటితే కూబర్ పీడీ దాకా దాదాపు 250 కిలోమీటర్ల మేర పెట్రోలు దొరకదు. మసక చీకటి పడ్డాక కంగారూలు, పశువులు రోడ్డు మీదికి వస్తాయి. ఎదురుగా రోడ్ ట్రైన్లు అనే 53 మీటర్ల పొడవైన లారీలు వస్తుంటాయి. అందుకని చీకటి పడకముందే అందరూ ఎక్కడో ఒకచోట ఆగాలి. దానివల్ల మా రోజంతా మధ్యాహ్నం మూడు నుంచి ఐదు మధ్యకే వచ్చి పడేది. గేటు ముందు బండ్లు వరుసగా నిలబడేవి. పొడవాటి బండికి వెనక్కి తిప్పే పని లేకుండా నేరుగా దూరి నేరుగా బయటికొచ్చే సైటు ఇవ్వాలి. డెబ్బై దాటిన మనిషి తొమ్మిది గంటలు బండి నడిపి వస్తే, ఆయన కళ్లు చూసి సైటు ఎంచాలి. ఈ విచక్షణ బుకింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఉండదు. సైటు నెంబరు చెప్పడం కాదు, ముందు నడిచి చూపించి, వెనకనుంచి చెయ్యి ఊపి, బండి సరిగ్గా ఆగేదాకా ఉండాలి. ఎక్కువగా ఆ పని మా ఆయన చేసేవారు. నేను లోపల డబ్బులు, ఫోన్లు, తాళాలు చూసుకునేదాన్ని.

ఇక నీళ్ల సంగతి. అనంతపురంలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది. కరువు జిల్లా అని మనల్ని దేశమంతా జాలిగా చూస్తుంది. కూబర్ పీడీకి పడేది అందులో మూడో వంతు కూడా ఉండదు. ఊరికి నీళ్లు ఇరవై కిలోమీటర్లకు పైగా దూరంలో తవ్విన బోరు నుంచి వస్తాయి. ఆస్ట్రేలియా నేలలో ఐదో వంతు కింద పరుచుకున్న గ్రేట్ ఆర్టీసియన్ బేసిన్ నీళ్లవి. ఉప్పగా ఉంటాయి కాబట్టి ఆర్.ఓ. ప్లాంటులో శుద్ధి చేసి ఊరికి పంపుతారు. అలా వచ్చిన నీళ్లు చౌకగా రావు కదా. పార్కులో పచ్చిక లేదు, అంతా కంకర. బండ్లు కడగడం నిషేధం. స్నానాల గదిలో నాణెం వేస్తేనే నీళ్లు, అవీ కొన్ని నిమిషాలే. కారవాన్ ట్యాంకులు నింపుకోవడానికి ఊళ్లో వేరే చోట నాణేలతో పనిచేసే పంపు ఉంది. కొత్తగా వచ్చినవాళ్లు మొదట విసుక్కునేవారు. బోరు గురించి, ప్లాంటు గురించి రెండు ముక్కలు చెబితే చాలామంది వెంటనే తగ్గేవారు. నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో మనిషికి తెలిస్తే వాడకం మారుతుందని నాకు అక్కడ గట్టిగా అర్థమైంది. మనం కట్టే పార్కుల్లో ప్రతి కుళాయి దగ్గరా ఆ ఊరి నీళ్ల కథ రాసిన పలక ఒకటి పెట్టించండి. పెద్ద ఖర్చేమీ కాదు.

మంత్రి గారూ, ఈ ఉత్తరంలో అసలు చెప్పదలుచుకున్నది ఇప్పుడు చెబుతాను. కారవాన్‌లో మరుగుదొడ్డి ఉంటుంది. దాని కింద కాసెట్ అనే ప్లాస్టిక్ పెట్టె. ఇరవై లీటర్ల దాకా పడుతుంది, నిండితే ఇరవై కిలోల బరువు. ఇద్దరు మనుషులు వాడితే రెండు మూడు రోజుల్లో నిండుతుంది. బండికి బయటివైపున్న చిన్న తలుపు తీసి ఆ పెట్టెను బయటికి లాగి, పార్కులో ఒక మూలనున్న డంప్ పాయింటుకు తీసుకెళ్లి ఖాళీ చేసి, కడిగి, మళ్లీ పెట్టుకోవాలి. డంప్ పాయింట్ అంటే లోపలికి వాలుగా పోసిన కాంక్రీటు గచ్చు, మూత ఉన్న గొట్టం, ఆ గొట్టం నుంచి మురుగు కాలువకో సెప్టిక్ ట్యాంకుకో దారి, పక్కన కడగడానికి వేరే కుళాయి. ఆ కుళాయి నీళ్లు తాగకూడదని పెద్ద బోర్డు. చూడటానికి ఏమీ ఉండదు. ఏ బ్రోషరులోనూ దాని ఫోటో వెయ్యరు. కానీ అది లేకపోతే కారవాన్ పార్కు లేనట్టే.

అక్కడ పొద్దున్నే ఎనిమిదింటికి నిలబడితే కనిపించేది నా జీవితంలో అంతకుముందెన్నడూ చూడని దృశ్యం. బ్యాంకు మేనేజరుగా రిటైరైన ఆయన, స్కూలు హెడ్‌మిస్ట్రెస్‌గా చేసినావిడ, పెద్ద గొర్రెల ఫారం యజమాని, ట్రక్కు డ్రైవరు, ఎవరి పెట్టె వాళ్లు పట్టుకుని వరుసలో నిలబడతారు. వాతావరణం గురించి మాట్లాడుకుంటారు. వంతు రాగానే తన పెట్టె తాను ఖాళీ చేసి, గచ్చు మీద చుక్క పడితే తానే కడిగి, వెనక్కి వస్తారు. ముఖంలో ఏ సంకోచమూ ఉండదు. ఒకరి పెట్టె ఇంకొకరు మొయ్యరు. మొయ్యమని అడగరు. డబ్బిస్తామని కూడా ఎవరూ అనలేదు.

పార్కులోని మరుగుదొడ్లు, స్నానాల గదులు కడిగింది మేమే. మేనేజరు పని అంటే అదీ అందులో ఉంటుంది. పది గంటలకు బండ్లవాళ్లు సైట్లు ఖాళీ చేశాక చేతులకు గ్లౌజులు వేసుకుని నేను ఆడవాళ్ల వైపు, మా ఆయన మగవాళ్ల వైపు. వీసా మీద వచ్చి పనిచేసే విదేశీ కుర్రాళ్లు ఇద్దరు క్యాబిన్లలో దుప్పట్లు మార్చేవాళ్లు. వాళ్లు రాని రోజు అదీ మాదే. మధ్యాహ్నం అదే చేతులతో రిసెప్షన్‌లో కార్డులు గీకి తాళాలు ఇచ్చేదాన్ని. పొద్దున నన్ను చీపురుతో చూసిన పెద్దాయన మధ్యాహ్నం వచ్చి రెండు రోజులు ఎక్కువ ఉంటామని మర్యాదగా అడిగేవాడు. నా హోదా ఆయన దృష్టిలో ఒక్క వెంట్రుక మందం కూడా తగ్గలేదు. అనంతపురంలో ఉన్న మా అమ్మకు ఫోన్‌లో ఈ మాట చెబితే చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ మౌనం ఎక్కడి నుంచి వచ్చిందో నాకూ తెలుసు, మీకూ తెలుసు.

మన దగ్గర ఈ పెట్టె ఎవరు మోస్తారు? ఈ ప్రశ్నకు జవాబు లేకుండా ఒక్క పార్కుకు కూడా శంకుస్థాపన చెయ్యొద్దని చేతులు జోడించి అడుగుతున్నాను. జవాబు రాసిపెట్టకపోతే ఏమవుతుందో మనకు తెలుసు. పక్క ఊరి నుంచి, ఒకే వాడ నుంచి, ఒకే కులం నుంచి ఒక మనిషిని పిలుస్తారు. అతని చేతికి గ్లౌజులు కూడా ఉండవు. ఏడాది తిరిగేసరికి సెప్టిక్ ట్యాంకు నిండుతుంది. దానిలోకి దిగమంటారు. మన దేశంలో మనిషి చేత మలం ఎత్తించడాన్ని నిషేధిస్తూ 2013లో చట్టం వచ్చింది. మురుగు పనిలో చనిపోయినవారి కుటుంబానికి 30 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. చట్టం ఉన్నా, తీర్పు ఉన్నా, మనుషులు ఇంకా ట్యాంకుల్లో చనిపోతూనే ఉన్నారు.

గనుల ఊళ్లో ఉంటూ నేను చాలాసార్లు ఇంకో గనుల ఊరి గురించి ఆలోచించాను. కోలార్ గోల్డ్ ఫీల్డ్స్. 1966లో అక్కడ ఒక తెలుగు దళిత కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ గారి ఇంట్లోవాళ్లు చేసిన పని, గని కాలనీల్లోని పొడి మరుగుదొడ్లు ఎత్తడం. ఆ పనిని దేశం నుంచే తుడిచిపెట్టాలని ఆయన సఫాయి కర్మచారీ ఆందోళన్‌తో జీవితమంతా పోరాడుతున్నారు. 2016లో రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. ఆయన పుట్టిన భాష మనది. ఆ భాష మాట్లాడే రాష్ట్రం ఒక కొత్త సౌకర్యం కట్టుకుంటూ, దానితో పాటు ఆ పాత పనిని కొత్త రూపంలో పుట్టించకూడదు. కారవాన్ మరుగుదొడ్డి చూడటానికి ఎంత ఆధునికంగా ఉన్నా, దాని పెట్టెను వేరే మనిషి చేత మోయిస్తే అది పొడి మరుగుదొడ్డే.

అందువల్ల నియమం సూటిగా ఉండాలి. ఎవరి పెట్టె వాళ్లే ఖాళీ చేసుకోవాలి. బండి అద్దెకిచ్చే సంస్థ ఆ సంగతి బుకింగ్‌లోనే చెప్పాలి, తాళం చేతికిచ్చే ముందు ఎలా చెయ్యాలో చేసి చూపించాలి. డ్రైవరుతో పాటు బండి ఇచ్చే పద్ధతి మన దగ్గర ఎక్కువ కాబట్టి, ఆ పని డ్రైవరు మీద పడకుండా ఒప్పందంలోనే రాయాలి. ట్యాంకు మనిషి దిగాల్సిన అవసరం లేకుండా కట్టాలి, యంత్రంతోనే తోడించాలి. ఘాటైన రసాయనాలు వాడితే సెప్టిక్ ట్యాంకులో మురుగును కుళ్లించే సూక్ష్మజీవులు చచ్చిపోతాయి. కూబర్ పీడీలో మేం వచ్చినవాళ్లందరికీ ఏ మందు వాడాలో, ఏది వాడకూడదో చెప్పేవాళ్లం. ఇది వినడానికి చిన్న విషయం. ట్యాంకు చెడిపోయి పొంగిన రోజున పార్కు మొత్తం మూసుకోవాలి.

మనవాళ్లు చేసుకోరండీ అని మీ అధికారులు అంటారు. నాకు ఆ భయం లేదు. ఒక సాయంత్రం మెల్‌బోర్న్ నుంచి ఉలూరు కొండకు వెళ్తూ ఒక తెలుగు కుటుంబం అద్దె బండిలో మా పార్కుకు వచ్చింది. మూడు తరాలవాళ్లు. పొద్దున్నే ఆ ఇంటి పెద్దాయన, గుంటూరు వైపు మనిషి, ఏం చెయ్యాలో తెలియక పెట్టె పట్టుకుని నిలబడ్డారు. ముందు వరుసలో ఉన్న ముసలావిడ ఆయనకు మూత ఎలా తిప్పాలో చూపించింది. ఆయన చేశారు. అంతే. చుట్టూ అందరూ చేస్తుంటే మనమూ చేస్తాం. మొదటి రోజు నుంచీ అందరి చేతా చేయించాలి. ఒక్కరికి మినహాయింపు ఇస్తే, ఆ మరుసటి రోజు నుంచి ఎవరూ చెయ్యరు.

ఇంకో మాట. పార్కులో నిర్ణయం తీసుకోగలిగిన మనిషి ఉండాలి. కూబర్ పీడీ చుట్టూ మట్టి రోడ్లు చాలా ఉన్నాయి. తూర్పున విలియం క్రీక్ వైపు 160 కిలోమీటర్లకు పైగా మట్టి దారే. వాన పడితే ఆ దారులు మూసేస్తారు, మూసిన దారిలో వెళ్తే పెద్ద జరిమానా. ఒక వాన తర్వాత బయల్దేరాల్సినవాళ్లంతా మా దగ్గరే ఆగిపోయారు. రావాల్సినవాళ్లు హైవే మీదుగా వస్తూనే ఉన్నారు. ఆ సాయంత్రం మేం ఖాళీ స్థలాలన్నీ తెరిచాం. కరెంటు లేని సైట్లకు తక్కువ తీసుకున్నాం. ఎవరికి కరెంటు తప్పనిసరో ఒక్కొక్కర్నీ అడిగి తెలుసుకున్నాం. రాత్రి నిద్రలో ఊపిరి కోసం యంత్రం పెట్టుకునేవాళ్లు ఇద్దరు తేలారు. వాళ్లకు ముందు ఇచ్చాం. యజమానికి ఫోన్ చేసి అనుమతి అడగాల్సి వచ్చి ఉంటే అవేవీ చీకటి పడేలోపు అయ్యేవి కాదు. టెండరు పిలిచి, ఎక్కడో ఉన్న కంపెనీకి అప్పగించి, గేటు దగ్గర ఒక వాచ్‌మన్‌ను కూర్చోబెడితే ఆ వాచ్‌మన్ ఏం చెయ్యగలడు? అధికారం లేని మనిషి చేతికి బాధ్యత ఇవ్వడం అన్యాయం.

ఇక కరెంటు సంగతి. కూబర్ పీడీలో సాయంత్రం చలికి అందరూ ఒకేసారి హీటర్లు వేసేవాళ్లు, ఫ్యూజులు ఎగిరేవి. ఊరు దేశపు గ్రిడ్‌కు దూరం. 2017లో గాలిమరలు, సోలార్ పలకలు, బ్యాటరీ వచ్చాక కరెంటు కోసం డీజిల్ వాడకం బాగా తగ్గింది. మనకు హీటర్ల బదులు ఏసీలు. కడప ఎండలో ఇరవై బండ్లు ఒకేసారి ఏసీ వేస్తే ఆ లోడు ఎంతో ఇంజనీర్ల చేత ముందే లెక్క కట్టించండి. నీడ కోసం చెట్లు ఇప్పుడే పెట్టించండి, పార్కు తెరిచేనాటికి కాస్త ఎదుగుతాయి.

నడిపేవాళ్ల ఎంపిక గురించి నాదొక కోరిక. ఆ ఊరివాళ్లకే ఇవ్వండి. మన మండలాల్లో డ్వాక్రా సంఘాలు నడిపి, బ్యాంకు లెక్కలు చూసి, వంద మందితో మాట్లాడి పని చేయించిన ఆడవాళ్లు ఎంతమంది ఉన్నారు! ఒక జంటకో, ఇద్దరు అక్కచెల్లెళ్లకో పార్కులో ఇల్లు కట్టించి, నెల జీతం ఇచ్చి, నిర్ణయాలు తీసుకునే హక్కు రాసివ్వండి. వాళ్లకు సెలవు కూడా ఇవ్వండి. ఏడు రోజుల పని చేసే మనిషికి సెలవు లేకపోతే మూడు నెలలకు చిరాకు వస్తుంది, ఆరు నెలలకు మరుగుదొడ్లు మురికి పడతాయి. మేం వెళ్లేనాటికి కూబర్ పీడీ పార్కు మేనేజర్లు రెండేళ్లుగా ఊరు దాటలేదు. తాళాలు ఇస్తూ ఆవిడ ఏడ్చేసింది. తిరిగొచ్చాక ఆవిడ ముఖం వేరే. బదులుగా నడిపేందుకు ఇంకో నలుగురైదుగురికి శిక్షణ ఇచ్చి ఉంచితే రాష్ట్రంలోని అన్ని పార్కులకూ వాళ్లే రిలీఫ్ మేనేజర్లుగా తిరగొచ్చు. మన పిల్లలకు అదొక మంచి ఉద్యోగం అవుతుంది.

ఇప్పుడు నా విన్నపం. కారవాన్ పార్కుల కోసం మీ శాఖ వెలువరించే ప్రతి టెండరు పత్రంలో డంప్ పాయింట్ నిర్మాణం పూర్తయ్యాకే పార్కు తెరవాలని, పెట్టెలు ఖాళీ చేయించడానికి ఏ మనిషినీ నియమించకూడదని, ట్యాంకుల్లోకి ఎవరినీ దింపకూడదని, దింపితే లైసెన్సు రద్దవుతుందని రాయించండి. ఆ పత్రం తయారుచేసేటప్పుడు సఫాయి పనివారి సంఘాల వాళ్లను పిలిచి కూర్చోబెట్టండి. మొదటి పార్కు గండికోటలో పెట్టినా, అరకులో పెట్టినా, దాన్ని నడపబోయేవాళ్లకు మొదటి నెల పని నేర్పడానికి నేనూ మా ఆయనా సొంత ఖర్చుతో వస్తాం. మరుగుదొడ్లు కడగడం నుంచే మొదలుపెడతాం.

ఇట్లు,
అనంతపురం ఆడబిడ్డ,
అడిలైడ్ నుంచి